శనగగింజంత మిగిలింది

మార్చి 4

బ్యాండ్ వచ్చింది.

ఒంట్లోని ఒక్కో భాగానికి ఒక్కో గడి ఉన్న ఫోటోలో గుండె దగ్గర ఏమీ లేదు. కాలేయం దగ్గర లేదు. మూత్రపిండం, ఊపిరితిత్తి, కండరం, అన్నీ నల్లగా ఖాళీ. చివరి గడిలో మెదడు. అక్కడ ఒక్క గీత, తెల్లగా, శుభ్రంగా. ఇన్నాళ్ళూ ఒట్టి నంబరుగా పడి ఉన్న జీన్ ఇది. ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది గానీ ఎక్కడా నోరు విప్పదు, మెదడులో తప్ప. ఆ సంగతి నిన్నటిదాకా లోకంలో ఎవరికీ తెలియదు. ఇవాళ్టికి మా ల్యాబ్‌లో ఉన్నవాళ్ళకు తెలుసు.

డైరెక్టర్‌గారు వచ్చి చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ఇప్పుడే ఎవరికీ చెప్పకండి అన్నారు, కారిడార్ ఆ చివర ఉన్నవాళ్ళకు కూడా వినపడేంత గట్టిగా. నా వైపు తిరిగి, ఏమిటమ్మా, నీకు సంతోషంగా లేదా అన్నారు. ఉందండీ అన్నాను.

లేదు. దిగులూ లేదు. చేతులు కడుక్కుని క్యాంటీన్‌కి వెళ్ళి తిన్నాను. ఏం తిన్నానో గుర్తు లేదు.

మార్చి 5

అత్తయ్యకు చెప్పాను. అయితే జీతం పెరుగుతుందా అంది. పెరగదన్నాను. మరి దేనికే అంది.

తరువాత భోజనాల దగ్గర రోజూ అడిగేదే అడిగింది. నా కొడుకు బుర్రలో ఏమైనా దొరికిందా అని. నేనూ రోజూ చెప్పేదే చెప్పాను. అక్కడ వందలమంది ముక్కలున్నాయి, అన్నిటికీ నంబర్లే, ఏది ఎవరిదో మాకు తెలియదు అని. అంతంత చదువులు చదివారు, పైన ఒక పేరు రాసుకోలేరా అంటుంది. పేరు రాయకూడదనే రూలు అంటే, మీ రూళ్ళు మండినట్టే ఉన్నాయి అంటుంది.

మా ఆయన పోయి ఏడాదిన్నర. గుండె. లిఫ్ట్ రిపేరుకు వెళ్ళిన బిల్డింగ్‌లోనే కూలబడిపోయారు. జబ్బున్నవాళ్ళు మెదడు ఇస్తామని సంతకాలు పెడతారు, ఏ లోపమూ లేని మెదడు మాత్రం మా మెదళ్ళ బ్యాంకుకు దొరికి చావదు అని అంతకు ముందొకసారి ఇంట్లో విసుక్కున్నాను. మర్నాడే వెళ్ళి సంతకం పెట్టి వచ్చారు. నా బుర్ర ఎలాగూ వాడలేదు, కొత్తదానిలాగే ఉంటుంది, మీవాళ్ళు పండగ చేసుకుంటారు అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ రోజు ఆస్పత్రిలో డాక్టర్ ఇంకా మాట్లాడుతూ ఉండగానే నేను బ్యాంకుకు ఫోన్ చేశాను. ఆలస్యమైతే పనికిరాదని నాకు తెలుసు గనక. ఏడవడం తరువాత చూసుకోవచ్చు అనుకున్నాను. తరువాత చూసుకుంటే రాలేదు.

మార్చి 11

మా కంప్యూటర్ విభాగంలో ఒకాయన ఉన్నాడు. అందరూ పెళ్ళిళ్ళ పేరయ్య అంటారు. కొత్త జీన్ తయారుచేసే ప్రొటీన్‌ని చేతిలో పెడితే చాలు, ఈగ నుంచి ఏనుగు దాకా దాని చుట్టాలందరినీ వెతికి పట్టుకొస్తాడు.

ఇవాళ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మన పిల్లకు రెండు వైపుల చుట్టరికం తేలిందన్నాడు. ముందు భాగం కణం పొర దగ్గర కాపలా కాసే ప్రొటీన్ల కుటుంబానిదట. పెద్ద సంసారం, ఒళ్ళంతా తిరిగేవాళ్ళు, ఎక్కడ చూసినా వాళ్ళేనట. మధ్య భాగం ఇంకో కుటుంబాన్ని పోలి ఉంది గానీ అది మేనమామ పోలికలాంటిది, ఒట్టేసి చెప్పలేనన్నాడు. చివరి ముక్క మాత్రం ఎవరికీ చెందలేదు. చేపలో ఒకచోట, కోడిలో ఒకచోట కనపడింది, అంతే. చుట్టాలంతా ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళు, ఇది ఒక్కత్తే ఇల్లు కదలదు అని నవ్వాడు.

ఇది ఏం చేస్తుందని అడిగాను. చుట్టాలెవరో చెప్పగలను గానీ ఉద్యోగం ఏమిటో నాకేం తెలుసమ్మా అన్నాడు.

అత్తయ్యకు చెప్తే, ఏం చేస్తుందో కూడా తెలియనిదానికి ఇంత హడావిడా అంది. అదీ నిజమే.

మార్చి 12

సెలవు. పడుకున్నాను. లేచాను. మళ్ళీ పడుకున్నాను.

మార్చి 20

పేరు పెట్టడానికి మీటింగ్. జీన్‌కి. డైరెక్టర్‌గారికి మా సంస్థ అక్షరాలు అందులో రావాలని కోరిక. ఒకటే గీత, ఒకటే మెదడు, మిగతా మెదళ్ళలో వెతికితే రాలేదు, పేపర్ ఇంకా రాయనేలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని పేరయ్య నా చెవిలో గొణిగాడు. డైరెక్టర్‌గారు విన్నారు. ఇంకో ఊరి ల్యాబ్‌వాళ్ళు కూడా ఇదే జీన్ వెనక పడ్డారు, వాళ్ళు పేరు పెట్టేశాక నువ్వు సామెతలు చెప్పుకుంటూ కూర్చో అని కసిరారు.

పేరు ఖాయం చెయ్యకుండానే లేచారు. నేను పేపర్ రాయాలి.

ఏప్రిల్ 2, మధ్యాహ్నం

మెదడు ఎవరిదో పేపర్లో పేరు రాయక్కర్లేదు. వయసు, ఆడా మగా, ఎలా పోయారు, ఎంతసేపట్లో ఫ్రీజర్‌కి చేరింది, ఇలాంటివి రాయాలి. కింది అంతస్తులో బ్యాంకు చూసుకునే ఆవిడకు ఫోన్ చేశాను. ఆవిడను ఫ్రీజరమ్మ అంటాం. కిందటేడు చేరింది, పాతవేవీ తెలియవు. నంబరు చెప్పాను. ఆవిడ చదువుతూ పోయింది, నేను టైప్ చేస్తూ పోయాను.

మగ. నలభై ఆరు. గుండె. మూడు గంటలు. ఇంత తొందరగా ఎవరు తెస్తారండీ, వాళ్ళింట్లో ఎవరో గుండె గట్టిపడ్డ మనిషే ఉండి ఉండాలి అంది. ఎడమచేతి వాటం. అదీ టైప్ చేశాను. ఉద్యోగం, లిఫ్ట్ మెకానిక్.

పాపం, జన్మంతా పైకీ కిందకీ తిరిగి తిరిగి ఇప్పుడు అడుగు అరలో పడి ఉన్నాడు అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన ఉంటే ఆ జోకు ఆయనే వేసేవారు.

థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఏప్రిల్ 2, సాయంత్రం

గీత ఫోటో తెరిచి చూశాను. గీతే.

ఏప్రిల్ 3

మాకొక రూలుంది. శాంపిల్ తెలిసినవాళ్ళదని తెలిస్తే వెంటనే చెప్పి తప్పుకోవాలి, మిగతా పని ఇంకొకరు చేస్తారు. ఆ రూలు రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. అప్పుడు మంచి రూలే అనిపించింది.

చెప్పలేదు.

మిగతా మెదళ్ళలో గీత ఎందుకు రాలేదో కూడా ఇవాళ తెలిసింది. జీన్ పనిచేస్తున్నప్పుడు దాని కాపీలు తయారవుతాయి, మేం వెతికేది వాటినే. మనిషి పోయాక అవి కొద్ది గంటల్లో చీకిపోతాయి. ఈ జీన్ కాపీలు మరీ సుకుమారం. మిగతా మెదళ్ళన్నీ ఆలస్యంగా వచ్చినవి. ఆయనది మూడు గంటల్లో వచ్చింది. నేను ఫోన్ చెయ్యబట్టి.

గర్వపడాలా? బట్టలు ఉతుక్కున్నాను.

ఏప్రిల్ 10

పేపర్ జర్నల్‌కి పంపించేశాం. భోజనాల దగ్గర అత్తయ్య మామూలుగానే అడిగింది. మామూలు జవాబే చెప్పాను. మొన్నటిదాకా అది నిజం, ఇప్పుడు అబద్ధం. మాటలు మాత్రం అవే. కూరలో ఉప్పు ఎక్కువైందా అని అడిగింది, నేను ముఖం అలా పెట్టానని.

మే 14

పేపర్ బాగోగులు తేల్చే ముగ్గురు రివ్యూయర్ల జవాబు వచ్చింది. ఇద్దరికి నచ్చింది. మూడో ఆయన గోరుచుట్టు మీద రోకటిపోటు వేశాడు. ఒక మెదడులో ఒకసారి వచ్చిన గీతను పట్టుకుని కొత్త జీన్ అనకూడదట. అదే మెదడులో మళ్ళీ చూపించాలి, ఇంకో మెదడులోనూ చూపించాలి.

డైరెక్టర్‌గారు పొద్దుటినుంచి మెదళ్ళ బ్యాంకులన్నిటికీ ఫోన్లు చేశారు. తొందరగా చేరిన మెదడు ఎక్కడా లేదు. ఒకరు మాత్రం చూస్తాం, కొన్ని వారాలు పడుతుంది అన్నారు. ఈలోపు అదే మెదడుతో మళ్ళీ చేసెయ్యి అన్నారు నాతో.

కిందకు వెళ్ళాను. ఫ్రీజరమ్మ అడుగు అర లాగింది, తెల్లగా పొగ వచ్చింది. పెట్టె నిండా ఖాళీ ట్యూబులే. ఈ ఏడాదిన్నరలో ఎవరెవరో ఏవేవో పరీక్షలకు కోసుకుపోయారు. మంచి మెదడు గదా, అందరికీ కావలసి వచ్చింది. ఒక్క ట్యూబ్‌లో మాత్రం శనగగింజంత మిగిలింది. సగం వాడి సగం దాచే వీలుందా అని అడిగింది. లేదన్నాను. పరీక్షకు ఆ గింజ మొత్తం కావాలి. తరువాత ఇంకేమీ ఉండదు.

పర్వాలేదు, ఇలాంటి పనికే గదా ఇచ్చారు అంది ఫ్రీజరమ్మ.

మే 16

అత్తయ్యకు చెప్పాను. ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఏది ఎవరిదో తెలిసింది అన్నాను. చెయ్యి ఆగలేదు. మంచిదేనా అంది. బ్యాంకు మొత్తంలో మంచిది అదే అన్నాను. అవునా, చిన్నప్పుడు లెక్కల్లో సున్నా తెచ్చుకునేవాడు వెధవ అంది.

తరువాత ఎంత మిగిలిందని అడిగింది. చిటికెన వేలి గోరు చూపించాను. అది కూడా వాడెయ్యాలి అన్నాను. వద్దంటుందేమో అనుకున్నాను. వద్దంటే బాగుండును అని కూడా అనుకున్నాను. ఆవిడ అనకపోతే నాకు అనే ధైర్యం లేదు.

వాడు కంచంలో మెతుకు మిగల్చడం ఎప్పుడైనా చూశామా, కానివ్వు అంది.

వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పింది. చాలాసేపు నీళ్ళు పోతూనే ఉన్నాయి. మిగతా బట్టలు నేను మడత పెట్టాను.

మే 19, ఉదయం 11

ఈ పనిలో గ్లవ్స్ లేకుండా దేన్నీ ముట్టుకోకూడదు. మనిషి చర్మం మీద, చెమటలో, ఉమ్మిలో, కన్నీళ్ళలో ఒక ఎంజైమ్ ఉంటుంది. అది సోకితే కాపీలన్నీ నిమిషాల్లో తుక్కయిపోతాయి. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు ఈ పాఠం చెప్పేది నేనే.

బెంచ్ తుడిచాను. గ్లవ్స్ వేసుకున్నాను. నూరే కల్వం చల్లబరిచాను. డ్రై ఐస్ మీద ట్యూబ్ పెట్టి మూత తీశాను. ముక్క చిన్నగా, బూడిద రంగులో ఉంది, ఒక పక్క కాస్త గులాబీ. నూరి ద్రావణం పోస్తే అయిపోతుంది. కళ్ళు మూసుకుని చెయ్యగల పని.

కుడిచేతి గ్లవ్ తీసేశాను. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ముక్కను కల్వంలోకి వంచి దాని మీద వేలు పెట్టాను. చర్మం అతుక్కుపోయింది. చురుక్కుమంది. లాక్కోలేదు. ఏడాదిన్నరగా ఏ పరామర్శా, ఏ భోజనమూ, ఏ నిద్రా నాకు తగల్లేదు. ఇది తగిలింది. నొప్పిగా ఉంది అని పైకే అన్నాను. ఇంట్లో ఆయనతో అన్నట్టే అన్నాను.

తరువాత కొత్త గ్లవ్ వేసుకుని మిగతా పనంతా తు.చ. తప్పకుండా రూలు ప్రకారం చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

మే 20

గీత లేదు. పైనుంచి కిందదాకా ఒట్టి మసక, మురికి గుడ్డతో అద్దం తుడిచినట్టు.

డైరెక్టర్‌గారు తిట్టలేదు. ముక్క పాతబడిపోయి ఉంటుంది, నీ తప్పేముంది అని స్వయంగా కాఫీ తెచ్చిచ్చారు. ఫ్రీజరమ్మ పైకి వచ్చింది. పోయిన నెలలో ఒకసారి ఫ్రీజర్ తలుపు సరిగ్గా పడలేదట, అలారం మోగాక చూసి వేసిందట, అందువల్లే పాడైందేమో అని చేతులు నలుపుకుంటూ నిలబడింది. ముఖం పీక్కుపోయింది. నేను చెయ్యి కోటు జేబులో పెట్టుకున్నాను.

వేలికి బొబ్బ లేచింది. ఎవరూ అడగలేదు.

మే 21

అత్తయ్య ఇవాళ భోజనాల దగ్గర ఏమీ అడగలేదు.

మే 22

డైరెక్టర్‌గారు రివ్యూయర్లకు జవాబు రాసి చదివి వినిపించారు. శాంపిల్ నాసిరకమని తేలింది, మొదట వచ్చిన గీతను కూడా నమ్మలేం, ప్రస్తుతానికి వెనక్కి తీసుకుంటున్నాం. నిల్వలో జరిగిన లోపం మీద విచారణ జరుగుతుంది.

నాసిరకం.

కోపం వచ్చింది. ఎన్నాళ్ళకో. చెవులు వేడెక్కాయి. ఆ మాట ఎవరిని పట్టుకుని అంటున్నారో ఆయనకు తెలియదు, నాకు తెలుసు. నేను నోరు మూసుకుంటే గీత అబద్ధమైపోతుంది. జీన్ ఆ ఇంకో ఊరి ల్యాబ్‌వాళ్ళకు పోతుంది. తలుపు సరిగ్గా వెయ్యలేదన్న పాపానికి ఫ్రీజరమ్మ ఉద్యోగం పోతుంది. నోరు తెరిస్తే నాది పోతుంది. అంతకంటే లెక్క ఏమీ లేదు ఇందులో.

ఆ ఉత్తరం రేపటిదాకా పంపొద్దని అడిగాను. ఎందుకన్నారు. రేపు చెప్తానన్నాను.

మే 23

చెప్పాను. వేలు చూపించాను.

డైరెక్టర్‌గారికి ముందు అర్థం కాలేదు. గ్లవ్ చిరిగిందా అన్నారు. లేదండీ, నేనే తీశాను అన్నాను. ఎవరిదమ్మా అది అన్నారు, గొంతు తగ్గించి. మా ఆయనదండీ అన్నాను. కూర్చున్నారు. మన లిఫ్ట్ ఆగిపోతే వచ్చి బాగుచేసింది ఆయనే గదా అన్నారు. అవునన్నాను. నన్ను లోపలినుంచి బయటికి లాగి, సార్, మెట్లెక్కితే ఆరోగ్యం అన్నాడు అని గుర్తుచేసుకున్నారు.

తరువాత కోపం వచ్చింది ఆయనకు. ముందే చెప్పి చావొచ్చు గదా, ఇంకొకరు చేసి ఉండేవాళ్ళు గదా, ముక్క దక్కేది, పేపర్ దక్కేది, నువ్వూ దక్కేదానివి అని అరిచారు. అన్నీ నిజమే. తలూపాను. పేపర్లోనుంచి నా పేరు తీసేస్తారు. కమిటీ తేల్చేదాకా ల్యాబ్‌లో అడుగు పెట్టకూడదు. మొదటి గీతను నమ్మలేమని ఉత్తరంలో రాసిన వాక్యాలు మాత్రం నా ముందే కొట్టేశారు. అది చాలండీ అన్నాను. చాలదు, వెళ్ళు అన్నారు.

ఫ్రీజరమ్మకు కూడా చెప్పాను. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆవిడను మూడు రోజులు ఏడిపించాను, ఆ హక్కు ఆవిడకుంది.

అత్తయ్యకు కూడా మొత్తం చెప్పాను. ఆయన ముక్క నా వేలి వల్ల దండగైపోయింది అన్నాను. తిడుతుందనుకున్నాను. చెయ్యి పట్టుకుని వెలుతురు వైపు తిప్పి బొబ్బ చూసింది. వెళ్ళి మందు తెచ్చి రాసింది. రాస్తూ అడిగింది, చల్లగా ఉన్నాడా అని.

చల్లగా ఉన్నారు అన్నాను.

అప్పుడు ఏడిచాం. ముందు ఆవిడ, తరువాత నేను. నాది ఎక్కువసేపు సాగలేదు. ఎక్కడో మొదలై ఆగిపోయింది, పైపులో గాలి అడ్డం పడ్డట్టు.

జూన్ 17

పేరయ్య ఇంటికి ఫోన్ చేశాడు. రెండో మెదడు దొరికింది. డెబ్భై దాటిన ఆవిడట, పోయిన వెంటనే కూతుళ్ళు పంపించారట. ఎవరి చేతా చేయించను అని డైరెక్టర్‌గారే పదేళ్ళ తరువాత కోటు వేసుకుని బెంచ్ దగ్గరికి వచ్చారట. ఏ సామాను ఎక్కడుందో తెలియక అందరినీ తిట్టారట.

గీత వచ్చింది. అదే ఎత్తులో, అదే చోట. రివ్యూయర్ ఒప్పుకున్నాడు. మొదటి గీత కూడా పేపర్లో ఉంటుంది, కింద మగ, నలభై ఆరు, ఎడమచేతి వాటం అని ఉంటుంది. నీ పేరు ఎక్కడా ఉండదమ్మా అన్నాడు పేరయ్య, అది చెప్పడానికే ఫోన్ చేసినట్టు ఇబ్బందిపడుతూ. తెలుసన్నాను.

అత్తయ్యకు చెప్పాను. అయితే అది వాడొక్కడిలోనే ఉన్నది కాదా అంది, కాస్త చిన్నబుచ్చుకుని. అందరిలోనూ ఉంటుంది, నీలోనూ నాలోనూ కూడా అన్నాను. ఏం చేస్తుందో ఇప్పటికైనా తెలిసిందా అంది. లేదన్నాను. ఊరికే కూర్చుని తింటోందన్నమాట అంది.

జూన్ 30

అత్తయ్య బ్యాంకుకు తీసుకెళ్ళమంది. తీసుకెళ్ళాను. సంతకం పెట్టింది. మా వాడి చోటు ఖాళీ అయింది గదా, నన్ను అందులో పెట్టండి అంది ఫ్రీజరమ్మతో. అలా కుదరదండీ, వరసగా వస్తాయి అంది ఆవిడ. అత్తయ్య కుర్చీలోంచి లేవలేదు. ఫ్రీజరమ్మ నా వైపు చూసింది. తరువాత పెన్ను తీసి ఆ చోటు నంబరు రాసుకుంది.

తొందరేం లేదులే అమ్మా అంది అత్తయ్య.